ఏకసంథాగ్రాహి కీబోర్డు

విని వాయించడమంటే ముందు కాగితం పెట్టుకోకుండా, తెలిసిన పాటను చెవి చెప్పినట్టు మెట్ల మీద వెతికి పట్టుకోవడం. తెలుగు ఇళ్లలో దీనికి మరో అర్థం స్థిరపడింది: ఎవరూ నేర్పకుండానే పాట వచ్చేయడం. పిల్లవాడు పల్లవిలో మొదటి లైను పలికించిన రోజునే అది పూర్వజన్మ సుకృతంగా నమోదవుతుంది. ఆ తర్వాత ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ టీ తాగడం పూర్తయ్యేలోగా ఆ లైను వినక తప్పదు. చరణం ఎవరూ అడగరు. అడిగిన చుట్టాన్ని మళ్లీ పిలవరు.

ఇళ్లలో కనిపించే కీబోర్డుకు మామూలుగా 61 మెట్లుంటాయి. వాటిలో వేర్వేరు స్వరాలు 12 మాత్రమే. మిగతావన్నీ వాటికే పై స్థాయిలు, కింది స్థాయిలు. చాలా సినిమా పల్లవులు ఏడెనిమిది స్వరాల్లోనే తిరుగుతాయి. మొదటి స్వరం దొరికితే రెండోది ఆ చుట్టుపక్కలే ఉంటుంది. పైకా, కిందికా, ఎంత దూరం? చెవి తేల్చవలసింది ఇంతే. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు అంటూ సంగీతం మాస్టారు నెలల తరబడి పాడించేది ఈ దూరాలనే. ఆ పాఠాలను చాదస్తమని మానిపించి, వాటివల్ల రావలసిన ఫలితాన్ని మాత్రం దేవుడి ఖాతాలో జమ చేయడం రివాజు.

ఈ రివాజుకు నల్ల మెట్లు చేసిన సేవ అంతా ఇంతా కాదు. ఒక్కో స్థాయిలో అవి ఐదే. ఒకచోట రెండు, ఒకచోట మూడు గుంపుగా ఉంటాయి. మూడింటి గుంపులో మొదటిదాన్ని షడ్జమం చేసుకుని ఐదూ వరుసగా నొక్కితే వచ్చేవి మోహన స్వరాలు. దాని పక్కదాన్ని షడ్జమం చేసుకుంటే మధ్యమావతి, ఆ పక్కదైతే హిందోళం. రెండింటి గుంపులో మొదటిదానితో శుద్ధ సావేరి, రెండోదానితో శుద్ధ ధన్యాసి. శాస్త్రంలో దీన్ని గ్రహభేదం అంటారు. అంటే ఇంట్లో పిల్లి నల్ల మెట్ల మీదుగా నడిచి వెళ్లినా ఏదో ఒక రాగచ్ఛాయ వినిపించక మానదు. మా అయిదేళ్ల పిల్లకు మోహన దానంతటదే వచ్చేసిందని చెప్పుకునేవాళ్లు పిల్లను మెచ్చుకునే ముందు వడ్రంగిని మెచ్చుకోవాలి. పిల్లికి ఆ గుర్తింపు కూడా లేదు.

అసలు పరీక్ష పుట్టినరోజు పాట దగ్గర ఎదురవుతుంది. అది షడ్జమంతో కాక కింది పంచమంతో మొదలవుతుంది. మొదటి రెండు పాదాలు సాఫీగానే సాగుతాయి. మూడో పాదంలో ఆ పంచమం మీద నుంచి ఒక్క ఊపున పై పంచమానికి ఎగరాలి. కేకు చుట్టూ మూగినవాళ్లు సరిగ్గా అక్కడే చప్పట్లు పెంచేసి వాద్యకారుడి పరువు కాపాడతారు.

ఈ చెవి విద్యకు ముఖ్య సాధనం కన్ను. మెట్ల మీద అక్షరాల స్టిక్కర్లు అంటించి ఉంటాయి. ఫోనులో రంగు గీతలు పైనుంచి జారిపడుతూ ఏ మెట్టు నొక్కాలో చూపిస్తాయి. సీ, డీ, ఈ అక్షరాలు వరుసగా రాసిన కాగితాలు చేతులు మారుతుంటాయి. ఆ కాగితాల్లో చాలావాటిలో స్వరం ఎంతసేపు నిలవాలో ఉండదు, ఏ స్థాయిలోదో ఉండదు. పాట ముందే తెలియనివాడికి అవి ఎందుకూ పనికిరావు. ఆ లోటు పూడ్చేది చెవే. పాపం, అది నిజంగా చేసే ఈ ఒక్క పనికే ఎవరి మెప్పూ దక్కదు.

ఎవరూ నేర్పలేదన్న వాదానికి మోజార్టును సాక్షిగా పిలుస్తారు. 1770లో, 14 ఏళ్ల వయసులో, రోములో అల్లెగ్రి కూర్చిన ‘మిజెరేరే’ అనే బృందగానాన్ని ఒకసారి విని ఇంటికెళ్లి రాసేశాడన్న కథ లోకప్రసిద్ధం. రెండోసారి వెళ్లి విని తప్పులు దిద్దుకున్నాడని కూడా ఆ కథలోనే ఉంది. ఆ ముక్క పిల్లలకు చెప్పరు. తండ్రి లియోపోల్డ్ సంగీత గురువు. కొడుకు పుట్టిన 1756లోనే వయొలిన్ బోధన మీద పుస్తకం అచ్చువేసినవాడు. సాక్షిగా పిలవడానికి ఇంతకన్నా అననుకూలమైన ఇల్లు దొరకదు.

చెవి పనిచేసిందో లేదో తేల్చడం తేలికే: అదే పాటను ఒక శ్రుతి పైకి జరిపి వాయించమనాలి. దూరాలు పట్టుకున్నవాడు కాసేపు తడబడి దారిలో పడతాడు. మెట్లు బట్టీపట్టినవాడు ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కుతాడు. పద్యనాటకాల హార్మోనిస్టుకు ఆ బటన్ లేదు. నటుడు ఎత్తుకున్న రాగాన్ని వెన్నంటి పరిగెత్తవలసిందే. ఇక ఎడమచేతి సంగతి చెప్పడానికి ఏమీ లేదు. దాని పని ఆటో రిథమ్ చూసుకుంటుంది.

మిగిలింది గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం. ఆలిండియా రేడియో 1940 నుంచి 1971 వరకు హార్మోనియాన్ని దూరం పెట్టింది. మెట్టు మీద స్వరం కదలదన్నది దాని మీద మోపిన నేరాల్లో ఒకటి. తోడిలో గాంధారం ఊగాలి. కీబోర్డు మీద అది కర్రలా నిలబడుతుంది. విన్నది విన్నట్టు పలకడం లేదని చెవి గొడవ చేయవలసిన చోటు ఇదే. అలాంటి గొడవ ఏ ఇంట్లోనూ వినిపించదు. స్వరాన్ని వంచడానికి చాలా మోడళ్లలో ఎడమవైపున ఒక చిన్న చక్రం ఉంటుంది. దాన్ని తిప్పితే సౌండు పెరగడం లేదని షాపువాణ్ణి తిడతారు.