ఆనుకున్నవారి ఒత్తిడి

పేదల పేరు చెప్పి ఓట్లు అడుగుతూ పెట్టుబడికి పెరటి తలుపు తీసి ఉంచే పెద్ద పార్టీకి అభ్యుదయవాదులు మద్దతివ్వాలా, దాని మీద ఒత్తిడి తేవాలా అన్న చిక్కు ప్రశ్నకు తెలుగునాట కమ్యూనిస్టు పార్టీలు ఏనాడో ఘనమైన జవాబు కనిపెట్టాయి: ఎన్నికల ముందు సీట్ల సర్దుబాటు, ఎన్నికలయ్యాక వినతిపత్రం.

ఈ సిద్ధాంతానికి కూడికలే గిట్టవు. 294 స్థానాల సభలో 1994లో తెలుగుదేశానికి 216 రాగా, దానితో పొత్తు కట్టిన సీపీఐకి 19, సీపీఎంకు 15 దక్కాయి. 2004లో కాంగ్రెస్‌కు 185 వస్తే ఈ రెండింటికీ కలిపి 15 వచ్చాయి. ప్రభుత్వం నిలవడానికి 148 చాలు కనుక, మద్దతు ఉపసంహరిస్తామన్న హెచ్చరిక, గోడకు ఆనుకున్నవాడు తాను పక్కకు జరిగితే గోడ కూలుతుందని బెదిరించడం లాంటిది. 1999లో విడిగా నిలిచి సీపీఐ సున్నాతో, సీపీఎం రెండు స్థానాలతో తిరిగి వచ్చినప్పుడే ఎవరిని ఎవరు మోస్తున్నారో తేలింది, అయినా 2009లో తెలుగుదేశంతో మళ్లీ మహాకూటమి కట్టారు.

ఈ ఒత్తిడి ఫలితం చూడదలచినవారికి నర్సీపట్నం దగ్గరి మాకవరపాలెం మండలం చాలు. వామపక్షాల పొత్తుతో గెలిచిన కాంగ్రెస్ ప్రభుత్వమే 2007లో గల్ఫ్ ఎమిరేట్ రస్ అల్ ఖైమాతో బాక్సైట్ ఒప్పందం చేసుకోగా, ఇక్కడ అన్‌రాక్ అల్యూమినా శుద్ధి కర్మాగారం లేచింది. గిరిజన ప్రాంతపు ప్రభుత్వ భూమిని ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వరాదని 1997 నాటి సుప్రీంకోర్టు సమతా తీర్పు చెప్పింది కనుక, తవ్వకం ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ పేరిట, ఖనిజం కంపెనీకి అన్న ఉపాయం పన్నారు. 2015 నవంబరులో తెలుగుదేశం ప్రభుత్వం 97వ నంబరు జీవోతో నర్సీపట్నం అటవీ డివిజన్‌లో 1,212 హెక్టార్లను ఆ సంస్థకు అప్పగించబోయింది. వామపక్షాలు పొత్తు పెట్టుకున్న రెండు పార్టీలూ ఒకే కొండ మీద కన్నేయడం మద్దతు మహిమకు నిదర్శనం కాబోలు!

ఆ జీవోను ఆపినది ఉమ్మడి కార్యక్రమం కాదు, అక్కడి చింతపల్లి, జెర్రెల గిరిజనుల తిరుగుబాటు. అందులో కమ్యూనిస్టు కార్యకర్తలూ నడిచారు, అయితే అప్పటికి వారికి కాపాడుకోవలసిన పొత్తేదీ ఆ ప్రభుత్వంతో లేదు. 2019లో ఆ జీవో రద్దయింది. ఆ కొండల బాక్సైట్ మాకవరపాలేనికి ఒక్క లారీ కూడా దిగలేదు.