బొమ్మబండి పద్యం: టీకా తాత్పర్యం

ఆ.వె.
బొమ్మ వెనుక బొమ్మ పోవుచునుండును
చదువునంతలోనె జారిపోవు
ఆపు మీట లేని యా బొమ్మబండిని
ఎవరు నిలుపువార లిచటఁ జెపుమ!

ప్రతిపదార్థం: బొమ్మ వెనుక బొమ్మ = బ్యానరు వెంబడి బ్యానరు; పోవుచునుండును = ఎవరూ అడక్కుండానే సాగుతుంటుంది; చదువునంతలోనె = ‘ఫీజు చెల్లింపునకు చివరి తేదీ’ వరకు కన్ను చేరిందో లేదో; జారిపోవు = ఎడమకు తప్పుకొని, ప్రిన్సిపాలుగారు మొక్క నాటుతున్న ఫొటోకు చోటిస్తుంది; ఆపు మీట లేని = పాజ్ బటన్ పెట్టని; ఆ బొమ్మబండిని = ఆ కెరౌసెల్‌ను; ఇచటన్ = ఈ కాలేజీ హోమ్‌పేజీలో; ఎవరు నిలుపువారలు = ఆపగల మొనగాడెవడు; చెపుమ = ఓ వెబ్‌మాస్టరూ, చెప్పవయ్యా.

తాత్పర్యం: తేదీ దొరకలేదు.

విశేషాలు: ‘బొమ్మ పోవుచునుండును’ అనడం కవి భ్రమ. అయిదు బొమ్మలూ ఒకే పట్టీ మీద పక్కపక్కన కూర్చుని ఉంటాయి. కదిలేది పట్టీ. కిటికీలో పట్టినంతే మనకు కనిపిస్తుంది, మిగతాది ‘ఓవర్‌ఫ్లో హిడెన్’ చాటున ఉంటుంది. ‘సెట్‌ఇంటర్వెల్’ అనే గడియారం కొట్టినప్పుడల్లా పట్టీ ఒక కిటికీ వెడల్పు జరుగుతుంది.

శంక: అయిదో బొమ్మ అయ్యాక?

సమాధానం: బొమ్మలకు 0 నుంచి 4 దాకా అంకెలు. ఒకటి కలిపి, అయిదుతో భాగించి, శేషం పట్టుకుంటే 4 తరవాత 0 దానంతటదే వస్తుంది. బొమ్మను వెనక్కి తిప్పే బాణం దగ్గరే పెద్దపెద్ద పండితులు బోల్తా కొట్టారు. 0లోంచి 1 తీస్తే -1. దాన్ని అయిదుతో భాగిస్తే శేషం 4 అనుకుంటాం. జావాస్క్రిప్ట్ మాత్రం -1 అనే అంటుంది. కిటికీలో తెల్లటి ఖాళీ దర్శనమిస్తుంది. కనక ముందుగా అయిదు కలిపి, ఆపైన భాగించాలి.

శంక: బాణం నొక్కితే ఒక్కోసారి రెండు బొమ్మలు దాటిపోతాయేం?

సమాధానం: పాత గడియారాన్ని ‘క్లియర్‌ఇంటర్వెల్’తో ఆపలేదు. మీరు ఒక అడుగు వేయించిన మరుక్షణం అదీ ఒకటి వేయిస్తుంది.

‘మౌసు పైన పెడితే ఆగుతుంది, మీట దేనికి?’ అని ఒక వ్యాఖ్యాత. అసంగతం. ఫోనులో మౌసెక్కడిది? కీబోర్డుతోనే నడుపుకొనేవారి మాటేమిటి? తనంతట తాను మొదలై, పేజీలో తక్కిన విషయం పక్కన 5 సెకన్లకు మించి కదిలేదాన్ని ఆపే వీలు ఉండాలని వెబ్ అందరికీ అందేలా చేసే మార్గదర్శకాల్లో (డబ్ల్యూసీఏజీ) 2.2.2 నియమం. అది 2008 నాటిది. మన కవి ఆక్రోశానికి శాస్త్రసమ్మతి ఉందన్నమాట.

ఇంతకీ ఈ బండి ఎవరికోసం? పాఠకుడికోసం కాదని నా అభిప్రాయం. ప్రతి విభాగాధిపతికీ మొదటి పేజీలో చోటు కావాలి. కమిటీలో పోట్లాట తప్పించడానికి పుట్టిందిది. అమెరికాలోని నోటర్ డామ్ విశ్వవిద్యాలయం వెబ్ బృందం 2013లో తమ లెక్కలు బయటపెట్టింది. వచ్చినవాళ్ళలో బండిపై క్లిక్ చేసింది సుమారు 1 శాతం. ఆ క్లిక్కుల్లో 84 శాతం మొదటి బొమ్మ మీదే.

కాబట్టి ఓ వెబ్‌మాస్టరూ, బండికి ఆపు మీట పెట్టు. ఫీజు తేదీని మాత్రం బండి ఎక్కించకు, పేజీలో కదలకుండా రాయి.