బావమరిది బంగళా

నేను యాప్రాల్‌లో సొంతిల్లు కట్టుకుని, ఇంటిపన్ను గడువులోగా కట్టే గృహస్థుణ్ణి. ఒక ఇంటి కప్పు కారకుండా చూసుకోవడానికే నా పింఛను చాలడం లేదు. అలాంటి నాకు రెండో ఇల్లు అంటగట్టారు. దానికీ కప్పుంది, కిటికీలున్నాయి, గ్యాసు పొయ్యి ఉంది, రెండు పరుపులున్నాయి. పైపెచ్చు నాలుగు చక్రాలు, ఒక గేరు రాడ్డు. అంటగట్టినవాడు నా బావమరిది.

అది 1980ల నాటి మటడోర్ వ్యాను. పుణె పక్కన ఆకుర్డిలో బజాజ్ టెంపో వాళ్లు 1969 నుంచి చేసిన రకం. ఒకప్పుడు మన ఊళ్లలో పెళ్లివారైనా, పాలక్యాన్లైనా, నాటకాలవాళ్లైనా దాని పొట్టలో కూర్చోవాల్సిందే. మా మామగారు సీట్లు పీకించి, కప్పు ఎత్తు చేయించి, శ్రీశైలం నుంచి కాశీ దాకా అందులోనే వండుకుతింటూ తిరిగారు. ఆయన పోయాక అది శామీర్‌పేట తోటలో మామిడిచెట్టు కింద ఉండిపోయింది.

“వింటేజ్ బావా! చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంగారి రోల్స్‌రాయిస్ చూడలేదూ?” అన్నాడు బావమరిది. చూశాను. ఆరో నిజాం ఆర్డరిచ్చిన ఆ 1912 నాటి పసుప్పచ్చ బండికి ఉండడానికి ప్యాలెస్ ఉంది. నాకున్నది రెండొందల గజాలు.

పైగా వింటేజ్ అనిపించుకోవడం అంత తేలిక కాదు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటాలి, పెద్ద మార్పులేవీ జరిగి ఉండకూడదు. అన్నీ కుదిరి ‘వీఏ’ నంబరు దక్కినా ర్యాలీలకో, ప్రదర్శనలకో, రిపేరుకో, డీజిలు పోయించుకోవడానికో తప్ప రోడ్డెక్కకూడదు. మాదానికి యాభై నిండలేదు, కప్పు కోయించారు, కాబట్టి ఆ గౌరవం లేదు. పదిహేనేళ్లు ఎప్పుడో దాటాయి, కాబట్టి రిజిస్ట్రేషనూ లేదు. రెన్యువల్ కావాలంటే బండిని తీసుకెళ్లి చూపించాలి. నడిపి తీసుకెళ్లాలంటే రెన్యువల్ కావాలి.

తిరుమలగిరిలో సైన్యంవారి మరమ్మతు విభాగం ఈఎంఈ ఉండడం మా యాప్రాల్ చేసుకున్న పుణ్యం. సైన్యం బళ్లు బాగుచేసి రిటైరైనవాళ్లు ఇక్కడ వీధికొకరు. మాతో తోటకొచ్చిన మా వీధి సుబేదారుగారు, తాళంచెవి తిప్పబోతున్న బావమరిది చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపారు. రింగులు పట్టేసిన ఇంజనుకి సెల్ఫ్ కొడితే మొదటికే మోసమట. నాజిళ్లు విప్పి, సిలిండర్లలో ఆయిలు పోసి నాననిచ్చి, స్పానరుతో చేత్తోనే క్రాంకు తిప్పారు. ట్యాంకులో డీజిలు జిగురైంది, కడిగించాం. వైర్లు ఎలుకలు కొరికాయి, మార్పించాం. పరుపులో మూడు తరాల ఎలుకల సంసారం బయటపడింది. మామగారి తర్వాత ఆ ఇంటిని ఇల్లుగా వాడుకున్నది అవే.

బ్రేకు వీల్ సిలిండర్ల రబ్బర్ల కోసం రాణీగంజ్ సందులన్నీ తిరిగాను. ఒక దుకాణదారు “మటడోరా!” అని కుర్చీలోంచి లేచి, టీ తెప్పించి, తన మొదటి బేరం సంగతులన్నీ చెప్పాడు. రబ్బర్లు మాత్రం లేవన్నాడు.

చివరికి డీజిలు పైపుల్లో గాలి తీసి సెల్ఫ్ కొడితే తెల్లటి పొగ కక్కి ఇంజను అందుకుంది. వాళ్ల నాన్న గుర్తొచ్చి మా ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. “ఇంకేం, తోలుకుపోదాం” అన్నాడు బావమరిది. సుబేదారుగారు టైరు మీది నాలుగంకెలు చూపించారు: 2307. అంటే 2007లో ఇరవైమూడో వారం సరుకు. చూపుకి నిగనిగలాడినా లోపల రబ్బరు పెళుసెక్కి ఉంటుంది. ఇక బ్రేకు తొక్కితే పాదం తిన్నగా నేలకి తగులుతోంది. ఇంజను నడవడం వేరు, బండి ఆగడం వేరు అని తేల్చేశారాయన. అందుకని లారీ ఎక్కించి, తాళ్లతో కట్టించి, తూంకుంట, హకీంపేట, బొల్లారం మీదుగా క్షేమంగా ఇల్లు చేర్చాం. స్టార్టయ్యే బండిని కిరాయిచ్చి మోయించిన ఘనత మాది.

తీరా ఇంటికొచ్చాక మామగారు ఎత్తు చేయించిన కప్పు మా పోర్టికో కంటే జానెడు ఎక్కువని తేలింది. ఇప్పుడది వీధిలో ఉంది. పొద్దున్నే నడకకు వెళ్లే కర్నల్‌గారు “ఎప్పుడు తీస్తున్నారు?” అంటారు. రిటైరైనా ఆయన ప్రశ్నలు ఆర్డర్లలాగే వినపడతాయి. బావమరిది తన అపార్ట్‌మెంటులో పార్కింగు లేదంటున్నాడు.

కాబట్టి పాఠకులకు నా మనవి. మటడోర్ వీల్ సిలిండర్ రబ్బర్లు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, ఎంతైనా ఇచ్చి కొనుక్కుంటాను. ఎత్తైన షెడ్డు ఖాళీగా ఉన్నవారు చెప్పినా సరే. బండి ఉచితం, బావమరిదీ ఉచితం.