చక్రశాస్త్రం: కొండపల్లి ఖండం

శాస్త్రమన్నాక మొదట అనుబంధ చతుష్టయం చెప్పాలి. చెప్పకపోతే పండితుడు పుస్తకం తెరవడు, పామరుడు నమ్మడు. ఇందులో విషయం: రాయీ ముల్లూ బురదా ఉన్న దారిలో నడిపే మోటార్‌సైకిలుకు ఏ టైరు వెయ్యాలనేది. ప్రయోజనం: వెళ్లినవాడు వెళ్లిన బండి మీదే తిరిగి రావడం. సంబంధం: టైరుకూ నేలకూ మధ్య ఉండేది, కొలిస్తే అరచేతిని మించదు, తక్కినదంతా దైవాధీనం. ఇక అధికారి, అంటే ఈ శాస్త్రం చదవడానికి అర్హుడు: సొంత బండి ఉన్నవాడు, ఆదివారం పొద్దున ఇంట్లో పని లేనివాడు, ఉన్నా లేదని నమ్మించగలవాడు.

అధికారి విషయంలో ఒక కఠిన నియమం ఉంది. కొండపల్లి అడవి రిజర్వు ఫారెస్టు. 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అందులో దూరడం నేరం. మూలపాడు వైపు సీతాకోక చిలుకల కోసం పార్కు పెట్టిన అడవి అది. సైలెన్సరు పీకేసిన బండిని చూసి ఏ సీతాకోక చిలుకా పువ్వని భ్రమపడి వాలదు. అనుమతి లేనివాడు కోట మీదికి వెళ్లే తారు రోడ్డుతో, కింద పొలాల డొంకలతో, చెరువు కట్టలతో తృప్తి పడాలి. బెంగ పడనక్కర్లేదు. టైరును పరీక్షించడానికి కావలసిన కష్టాలన్నీ డొంకలోనే ఉన్నాయి.

కొండపల్లే ఎందుకని శిష్యుడు అడుగుతాడు. ఇంత తక్కువ దూరంలో ఇన్ని రకాల నేలలు పరస్పరం విరోధించుకునే చోటు కనక. విజయవాడలో బయల్దేరితే భవానీపురం, గొల్లపూడి, గుంటుపల్లి, ఇబ్రహీంపట్నం దాకా నున్నటి హైవే. ఆ పైన థర్మల్ స్టేషను బూడిద లారీలు, క్వారీల టిప్పర్లు వదిలిన గుల్లరాయి, దుమ్ము. ఊరు దాటితే తూర్పు కనుమల గట్టిరాయి. వెనక్కి తిరిగి కృష్ణ వైపు దిగితే ఒండ్రు, ఇంకా డెల్టాలోకి పోతే నల్లరేగడి. 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు ఇక్కడ కోట కట్టారు. అది గజపతుల చేతిలో ఉండగా కృష్ణదేవరాయలు కొండవీడు తరవాత దీన్ని ముట్టడించాడు. ఆపైన కుతుబ్‌షాహీలు ఏలారు, 1766లో ఇంగ్లీషు కంపెనీ పుచ్చుకుంది. ఇందరు ఇంత సరంజామాతో ఈ కొండకు వచ్చినా, వాళ్ల బండ్ల చక్రాలు ఏ రాయి మీద జారాయో ఒక్క చరిత్రకారుడూ రాయలేదు. చరిత్ర రచనలో ఇంతకన్నా పెద్ద లోపం మాకు కనిపించలేదు.

పూర్వాచార్యులను స్మరించుకుని ముందుకు పోదాం. గాలి నింపిన చక్రానికి 1845లోనే రాబర్ట్ థామ్సన్ అనే స్కాట్లండు ఆయన పేటెంటు తీసుకున్నాడు, లోకం మరిచిపోయింది. 1888లో బెల్‌ఫాస్టులో జాన్ డన్‌లప్ అనే పశువుల డాక్టరు, కొడుకు మూడుచక్రాల సైకిలు మరీ కుదుపుతోందని, మళ్లీ కనిపెట్టాడు. అంటే ఈ శాస్త్రానికి ఆదికారణం పుత్రవాత్సల్యం. మన దక్షిణాదిలో 1946లో మద్రాసు తిరువొత్తియూరులో మామ్మెన్ మాప్పిళ్లై పిల్లల బుడగలు చేసే చిన్న షెడ్డు పెట్టాడు. అదే ఎంఆర్ఎఫ్ అయింది. ఆటవస్తువుల నుంచి టైర్లకు అలా ఒక దారి ఏర్పడినా, కొండపల్లి బొమ్మలు చేసే ఆర్యక్షత్రియులు ఆ దారి పట్టలేదు. తెల్ల పొణికి కర్రతో ఎడ్లబండి బొమ్మ చేస్తే దానికి కర్ర చక్రమే బిగిస్తున్నారు. ఆ చక్రానికి ఇంతవరకూ పంక్చరు పడలేదని పరిశోధకులు గమనించాలి.

ఇప్పుడు శాసన పరిచ్ఛేదం. ప్రతి టైరూ తన చరిత్రను తన పక్కటెముకల మీదే చెక్కించుకుని వస్తుంది. చదివేవాడే లేడు. 2016లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ వెనక టైరు మీద 120/90-17 64ఎస్ అని ఉంటుంది. 120 వెడల్పు, మిల్లీమీటర్లలో. 90 అంటే ఎత్తు ఆ వెడల్పులో నూటికి తొంభై వంతులు. 17 అనేది రిమ్ము, అంగుళాల్లో. 64 అనేది బరువు సంకేతం: ఆ టైరు ఒక్కటే 280 కిలోలు మోయగలదు. బండి బరువులో దాని వాటా, నడిపేవాడు, వెనక ఎక్కిన బావమరిది, బావమరిది ఒళ్లో బిర్యానీ పార్సిళ్లు, అన్నీ కలిపినా దాటదు. చివరి ఎస్ వేగసంకేతం, గంటకు 180 కిలోమీటర్లు. డొంకలో గంటకు 18 పోయినవాణ్ణి ఈ శాస్త్రం మహావీరుడిగా గుర్తిస్తుంది. కాబట్టి ఆ అక్షరాన్ని చదివి గర్వపడి వదిలెయ్యాలి.

అసలు చదవాల్సినది ఇంకో మూల ఉంటుంది: నాలుగంకెలు. 2223 అని ఉంటే 2023లో 22వ వారం పుట్టిందని జాతకం. రబ్బరు కొట్లో ఊరికే కూర్చున్నా ముదురుతుంది, ముదిరితే గట్టిపడుతుంది, గట్టిపడితే రాయిని పట్టదు. “కొత్త సరుకే సార్, కవరు కూడా తియ్యలేదు” అని కొట్టాయన ప్రమాణం చేసినప్పుడు ప్రమాణం వినండి, అంకెలూ చూడండి.

టైరు ముఖం గురించి మతభేదాలు మూడున్నాయి. మొదటివారు బటన్‌వాదులు. బొడిపెలు ఎంత పొడుగైతే అంత ముక్తి అని వీరి మతం. రెండోవారు రిబ్బువాదులు: తారు రోడ్డే సత్యం, కొండ మిథ్య. మూడోవారు అర్ధార్ధవాదులు, సగం రోడ్డు, సగం మట్టి అని కంపెనీ రాసిన టైరు వేసుకుని, ఇద్దరి చేతా తిట్లు తింటారు.

బటన్‌వాదుల మాటలో సత్యం లేకపోలేదు. మెత్తటి నేలలో బొడిపె దిగబడి తన్నుకుంటుంది, బండి ముందుకు పోతుంది. కాని కొండపల్లి రాయి మెత్తటిది కాదు. ఇక్కడిది భూగర్భ శాస్త్రజ్ఞులు చార్నోకైట్ అనే జాతి. కలకత్తా పునాది వేశాడని చెప్పే జాబ్ చార్నాక్ సమాధి మీద పరిచిన రాయిని చూసి, థామస్ హాలండ్ ఈ జాతికి ఆయన పేరు పెట్టాడు. సమాధిరాయి బంధువుల మీద బండి నడుపుతున్నామన్న ఎరుక శిష్యుడికి ఎప్పుడూ ఉండాలి. అటువంటి రాతిలో బొడిపె దిగబడదు. పది బొడిపెలు ఉండాల్సిన చోట రెండే రాతిని తాకి, ఆ రెండూ పక్కకు వంగి, బండి ఎటో తిరుగుతుంది. రాతి మీద పట్టు బొడిపె పొడుగులో లేదు, రబ్బరు మెత్తదనంలో ఉంది. మెత్తటి రబ్బరేమో హైవే మీద తొందరగా అరుగుతుంది. పొడుగు బొడిపెలు తారు మీద హోరుపెడతాయి, వానలో బ్రేకు వేస్తే ఆలస్యంగా ఆగుతాయి.

రేగడి దగ్గరికి వచ్చేసరికి వాదం తలకిందులవుతుంది. అక్కడ బొడిపె కాదు, బొడిపెల మధ్య ఖాళీ ముఖ్యం. ఖాళీ తక్కువైతే బంకమట్టి దూరి కూర్చుంటుంది, చక్రం ఎంత తిరిగినా రాలదు, రెండు గజాల్లో మీరు వేలు పోసి కొన్న టైరు గుండు టైరై ఊరుకుంటుంది. ఖాళీ ఎక్కువుంటే చక్రం తిరుగుడికే మట్టి విసిరేసుకుంటుంది. రేగడి అంతటితో తృప్తి పడదు. మడ్‌గార్డు చక్రానికి దగ్గరగా ఉంటే ఆ సందు నిండా దట్టించి ముందు చక్రాన్ని తిరగనివ్వదు. అడవి దారుల కోసమని చేసిన బళ్లకు మడ్‌గార్డు చాలా ఎత్తున ఉండటానికి ముఖ్య కారణం ఇదే. సోకుకు కాదు. ఉయ్యూరు, అవనిగడ్డ వైపు శ్రావణంలో పొలం బాట పట్టినవారికి ఈ పేరా అక్కర్లేదు.

ఇక ముల్లు. పల్లేరు కాయ, సర్కారు తుమ్మ, రేగు: త్రిమూర్తులు. పల్లేరు చిన్నది, దాని ముల్లు చాలాసార్లు టైరు మందంలోనే ఆగిపోతుంది. తుమ్మ ముల్లు అలా ఆగేది కాదు. అరిగిన టైరుకు ఈ ముగ్గురూ ఒకటే.

ఇక్కడ పూర్వపక్షి లేచి అంటాడు: “అయ్యా, ఇదంతా దేనికి? మా ఊళ్లో టీవీఎస్ ఎక్సెల్ మీద గడ్డిమోపు, రెండు పాలక్యాన్లు, ఒక మేకపిల్ల పెట్టుకుని మా బాబాయ్ ఇదే డొంకలో రోజూ పోతున్నాడు. ఆయన టైరు మీద గీతలు పోయి ఏళ్లయింది. మీ శాస్త్రం ఆయనకెవరు చెప్పారు?” సభలో చప్పట్లు మోగుతాయి. ప్రతి ఆదివారం ఈ పూర్వపక్షం మోగుతూనే ఉంటుంది. దీన్ని ఖండించకుండా శాస్త్రం నిలవదు.

ఖండనం ఇది. ఎక్సెల్ బండి బరువు 90 కిలోల లోపు. టైరు రెండున్నర అంగుళాల వెడల్పు, 16 అంగుళాల రిమ్ము. హిమాలయన్ దాదాపు 200 కిలోలు. బాబాయ్ జారితే కాలు కింద పెట్టి ఆపుకుంటాడు, ఆయన వేగానికి అదే బ్రేకు. 200 కిలోలు వాలడం మొదలుపెట్టాక కాలు పెట్టినవాడికి ఆస్పత్రే గతి. పైగా ఏ గుంతలో నీళ్లు ఎంత లోతో, ఏ రాయి కదులుతుందో బాబాయ్‌కి చిన్నప్పటి నుంచీ తెలుసు. టైరు మీద లేని గీతలు ఆయన బుర్రలో ఉన్నాయి. కనుక ఎక్సెల్ దృష్టాంతం ఎక్సెల్‌కే వర్తిస్తుంది; ఆదివారం వీరులకు అతివ్యాప్తి దోషం. బాబాయ్‌కి నమస్కారం పెట్టి పక్కకు తప్పుకోండి. ఆయన వెనకే పోవద్దు.

మతభేదాలు తీరే చోటు విజయవాడ ఆటోనగర్. లారీ టైర్లు రీబటన్ చేసే వీధిలో ఒక పంక్చర్ షాపాయన దగ్గరికి ఒక బటన్‌వాది వచ్చాడు. కొండ ఎక్కడానికి బాగా బొడిపెలున్న టైరు కావాలన్నాడు.

“వారానికి ఎన్నిసార్లు ఎక్కుతారు సార్ కొండ?”

“ఆదివారం ఒక్కసారి.”

“మిగతా రోజులు?”

“బెంజి సర్కిల్‌కి. ఆఫీసు.”

“అయితే సార్, టైరు బెంజి సర్కిల్‌కి వేయించుకోండి. కొండకి గాలి దింపుకోండి.”

ఈ రెండు వాక్యాల్లో మొదటిది సూత్రం, రెండోది రహస్యం. మొదటిది అర్థం కావడానికి డబ్బు పోవాలి. రెండోదానికి భాష్యం అవసరం.

రోడ్డు మీద ముందు 25, వెనక 32 పీఎస్ఐ ఉన్న గాలిని, రాళ్ల దారి మొదట్లో 20, 22 దాకా దించితే టైరు కాస్త పరుచుకుని రాయిని పట్టుకుంటుంది. ఆ మెత్తదనం ఏ కంపెనీ అమ్మేదీ కాదు, వాల్వు నొక్కితే ఊరికే వస్తుంది. అయితే ఆశపడి మరీ దించకూడదు. చువ్వల చక్రంలో మామూలుగా ట్యూబు ఉంటుంది. గాలి చాలని టైరు రాతి అంచుకు కొట్టుకుంటే, రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి; పాము కాటంటారు దాన్ని. ఇంకా దించితే టైరు రిమ్ము మీద జారి, ట్యూబును కూడా లాక్కుపోయి, వాల్వు మొదట్లో తెగుతుంది. దానికి ప్యాచీ పడదు, కొత్త ట్యూబే. మరొక జాగ్రత్త: గాలి చూడాల్సింది పొద్దున, టైరు చల్లగా ఉన్నప్పుడు. మన ఎండలు 45 డిగ్రీలు దాటే మే నెలలో, నడిచి వచ్చిన టైరుకు మధ్యాహ్నం గేజి పెడితే అది వేడి కొలుస్తుంది. ఎక్కువుందని అప్పుడు తీసేసినవాడికి సాయంత్రం తక్కువ పడుతుంది.

ఇక తీర్పు. ఏ కంపెనీ అని అడగొద్దు. శాస్త్రం లక్షణం చెబుతుంది, లక్ష్యం కొట్లో దొరుకుతుంది. కొండపల్లి దారులకు, ఆఫీసుకూ అదే బండి అయితే, తిట్లు తినే ఆ అర్ధార్ధవాదిదే సరైన మతం. రేగడిలో వానాకాలం తిరిగేవాడు మాత్రం ఖాళీ ఎక్కువున్న బటన్ వేసుకుని, హైవే మీద నెమ్మదిగా పోవాలి. ముందు చక్రం 21 అంగుళాలున్న బండి, హిమాలయన్ కానీ ఎక్స్‌పల్స్ కానీ, రాయిని గుద్దుకోకుండా ఎక్కి దాటుతుంది. ఆ సైజు మార్చి అందం చెయ్యబోకండి. రెండు టైర్లకూ డబ్బు లేకపోతే ముందు టైరుకే పెట్టండి. వెనక టైరు జారితే బండి వంకర పోతుంది, సర్దుకోవచ్చు. ముందుది జారితే సర్దుకునే వ్యవధి ఉండదు.

చిన్న పంపు, స్పేర్ ట్యూబు, రెండు టైరు లివర్లు సంచీలో ఉంచుకోండి. దిగి వచ్చాక, ఇబ్రహీంపట్నంలో హైవే ఎక్కకముందే, దించిన గాలి మళ్లీ నింపండి. తక్కువ గాలి టైరు వేగంలో కాగుతుంది, కాగితే పేలుతుంది.