మోకు మీకు, తేరు మాకు

తేరు లాగడానికి వయసు కావాలి. తేరెక్కి కూర్చోవడానికి? దానికి వేరే అర్హతలున్నాయి.

శ్రీరంగాపూర్‌లో హోళీ పున్నమి జాతరకు రంగనాయకస్వామి తేరు కదిలినప్పుడు చూడండి. మోకు పట్టినవాళ్లంతా పోరగాళ్లే. చెమట వాళ్లది, అరచేతుల్లో బొబ్బలు వాళ్లవి. పైనున్నది దేవుడు కాబట్టి పేచీ లేదు. ఆయన ఎన్నడూ ఓటడగలేదు. ‘యువతే మా బలం’ అని మైకులో అరవలేదు. నా పేచీ అంతా రంగసముద్రం కట్ట దిగి రోడ్డెక్కగానే ఎదురయ్యే ఇంకో తేరుతో. ఫ్లెక్సీలు కట్టుకుని ఊరేగే తేరు. దాని మోకూ ఈ పోరగాళ్ల చేతుల్లోనే ఉంది.

ఆ తేరు నడిపేవాళ్లకు ఇప్పుడో మంత్రం దొరికింది. యువతను దగ్గరికి తీయాలట. అన్ని కులాలనూ కలుపుకుపోవాలట. సంప్రదాయం పేరు చెప్పుకునే పార్టీ నోట సామాజిక న్యాయం పలికితే కుర్రకారు ఎగబడుతుందట. కాదన్నదెవరు? గుడికెళ్లే పిల్లకు కులమంటే ఒళ్లు మండకూడదని ఎక్కడైనా రాసుందా? పొద్దున బొట్టు పెట్టుకుని గ్రూప్-2 కోచింగుకు పోయే పిల్లలు పాలమూరు నిండా ఉన్నారు. దేవుడూ కావాలి, గౌరవమూ కావాలి, ఉద్యోగమూ కావాలి వాళ్లకు. అత్యాశేం కాదు. మరి వాళ్లకు దొరుకుతున్నదేమిటి?

ఇడ్లీ.

2017లో పక్క కర్ణాటకలో ఒక పెద్ద నాయకుడు దళితుల ఇంటికి ఫలహారానికి వెళ్లాడు. ఇడ్లీలు మాత్రం హోటల్ నుంచి దిగాయని ఊరూవాడా గోలయ్యింది. ఇల్లు మీది, చాప మీది, ఫోటో మాది, వంట ఇంకెవరిదో! దీన్నే సమరసత అంటారు కాబోలు.

మన ఇంటి ఇడ్లీ సంగతీ చూద్దాం. 2023 అక్టోబరు 27న సూర్యాపేటలో అమిత్ షా గారు సెలవిచ్చారు: గెలిపించండి, బీసీని ముఖ్యమంత్రిని చేస్తాం. నవంబరు 7న ఎల్బీ స్టేడియంలో బీసీ ఆత్మగౌరవ సభ. సాక్షాత్తూ ప్రధానే వచ్చారు. నాలుగు రోజులు తిరగ్గానే పరేడ్ గ్రౌండ్‌లో మాదిగల విశ్వరూప సభ. మళ్లీ ప్రధానే. ఆలింగనాలు, కన్నీళ్లు. చూసినవాడి గుండె కరగాల్సిందే.

అయితే ఒక చిన్న చిక్కు. ఈ వాగ్దానానికి మూడు నెలల ముందే, జులైలో, బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడిగా ఉన్న బీసీ బండి సంజయ్‌ను దించి కిషన్ రెడ్డిని కూర్చోబెట్టారు. సరే, అది పాత లెక్క. ఎన్నికలయ్యాయి, ఎనిమిది మంది గెలిచారు. ఒక్క ఆడమనిషి లేదు, ఒక్క దళితుడు లేడు. ముఖ్యమంత్రి మాట దేవుడెరుగు, ఆ ఎనిమిది మందికీ ఒక నాయకుడు కావాల్సొచ్చింది. వాళ్లలో బీసీ లేడా? ఉన్నాడు. నాయకుడైంది మహేశ్వర్ రెడ్డి. 2025 జులైలో రాష్ట్ర అధ్యక్ష పీఠం మళ్లీ చేతులు మారింది. ఈటల రాజేందర్ పేరు గట్టిగా వినిపించింది. పీఠం ఎన్. రామచందర్ రావుకు దక్కింది. బండి సంజయ్‌కు ఢిల్లీలో మంత్రి పదవి ఇచ్చారు కదా అంటారు. ఇచ్చారు. సహాయ మంత్రి. ఆ ‘సహాయ’ అన్న మాట ఒకసారి నెమ్మదిగా చదువుకోండి.

తమది కాని కుర్చీని బీసీకి రాసిచ్చారు. తమ చేతిలో ఉన్న కుర్చీ దగ్గరికొచ్చేసరికి చెయ్యి వణికింది. పొరుగింటి పొలం దానం చేయడంలో మనవాళ్లను మించినవాళ్లు లేరు.

ఇక మన జిల్లాలకొద్దాం. 2023లో గద్వాల అసెంబ్లీ సీటు బీసీకని డీకే అరుణ గారు పక్కకు తప్పుకున్నారు. శభాష్ అన్నాం. ఆర్నెల్లయినా కాకముందే మహబూబ్‌నగర్ పార్లమెంటు సీటుకు ఆవిడే అభ్యర్థి. నాలుగున్నర వేల మెజారిటీతో గట్టెక్కారు కూడా. ఓడే చోట త్యాగం, గెలిచే చోట అనుభవం. వాటం చూసి వాన కురుస్తుంది!

శ్రీరంగాపూర్ ఓటరుకు పార్లమెంటంటే నాగర్‌కర్నూల్. అక్కడి కథ ఇంకా రుచిగా ఉంటుంది. సిట్టింగ్ ఎంపీ పి. రాములు కారు దిగి 2024 ఫిబ్రవరి 29న కమలం పట్టుకున్నారు. మార్చి 2న తొలి జాబితా వచ్చింది. నాగర్‌కర్నూల్ అభ్యర్థి ఎవరు? ఆయన కొడుకు భరత్ ప్రసాద్. మూడో రోజుకే! ఇరవై ఏళ్లుగా జెండా కర్ర మోసి భుజం కాయకాసినవాడు ఆ జాబితాను సెల్‌ఫోన్‌లో పైకీ కిందికీ ఎన్నిసార్లు జరిపి ఉంటాడో. యువతకు టికెటిచ్చాం, దళితుడికి టికెటిచ్చాం అని చెప్పుకున్నారు. నిజమే, అది రిజర్వుడు సీటు. ఇంకెవరికిస్తారు?

అదే ఏడాది ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధాని ఏమన్నారు? ఇంట్లో రాజకీయ వాసన లేని లక్ష మంది యువకులు రాజకీయాల్లోకి రావాలన్నారు. వారసత్వం పోవాలన్నారు. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లు నాగర్‌కర్నూల్ దాకా వినబడలేదా? వినబడే ఉంటాయి. ఐదు నెలలు ఆలస్యంగా.

ఏమన్నా అంటే పెద్దలు గొంతు తగ్గించి ఒక మాట చెబుతారు: ‘యువతకిద్దామనే ఉంది, కానీ గెలిచే ముఖాలేవీ?’ ఈ మాట వింటే నాకు సురవరం ప్రతాపరెడ్డి గుర్తొస్తారు. నైజాంలో తెలుగు కవులు పూజ్యమని ఎవరో అంటే ఆయన వాదనకు దిగలేదు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వేసి ముఖాన కొట్టారు. 1952లో వనపర్తి గెలిపించుకున్నది ఆయన్నే. అదే వనపర్తిలో ఇప్పుడు ముఖాలు లేవట! వనపర్తి రాజులైనా నయం. వాళ్ల కోటలో 1959లో పాలిటెక్నిక్ వెలిసింది, కూలోళ్ల పిల్లలు అందులో డిప్లొమాలు చేశారు. కోట వదిలినవాళ్లున్నారు. టికెట్ వదిలేవాడేడీ?

ముఖం లేదా? పక్కనే కొల్లాపూర్‌లో బర్రెలు కాసుకునే శిరీష ఎవరు మరి? డిగ్రీ చేసినా కొలువు రాక వీడియో పెడితే పోలీసులు కేసు పెట్టారు. 2023లో ఈల గుర్తు మీద నిలబడింది. తమ్ముడి మీద దాడి జరిగింది. భద్రత కోసం హైకోర్టు గడప తొక్కాల్సొచ్చింది. పార్టీ లేదు, నాయన ఎంపీ కాదు, 5,754 మంది ఓటేశారు. కుర్రకారుకు రాజకీయమంటే విరక్తి అని వ్యాసాలు రాసే మహానుభావులు ఆ అంకెను గోడకు తగిలించుకోండి. విరక్తి రాజకీయం మీద కాదు, మీ మీద.

మిగతావాళ్లు ముసిముసిగా నవ్వుకోనక్కర్లేదు. గులాబీ వారు 2018లో నెలకు 3,016 నిరుద్యోగ భృతి అన్నారు. చేయి గుర్తు వారు 2023 మేలో సరూర్‌నగర్‌లో 4,000 అన్నారు. కాగితం మీద నిరుద్యోగికి జీతం పెరిగింది. పాపం, ఇంక్రిమెంటు కూడా వచ్చింది, ఇక జీతమే రావాలి! ఇక్కడ గ్రూప్-1 పేపరు లీకైతే కమలం వారు రోడ్డు మీద కూర్చున్నారు, మంచి పనే చేశారు. 2024లో నీట్ పేపరు లీకైనప్పుడు ఆ చాప ఎక్కడ మడతపెట్టారో తెలీదు. దేశభక్తి ఉన్న కుర్రాడు సైన్యంలోకి పోదామంటే 2022లో నాలుగేళ్ల కాంట్రాక్టు చేతిలో పెట్టారు. నాలుగేళ్లయ్యాక నూటికి 25 మందే ఉండొచ్చు. ఎమ్మెల్యేకు ఐదేళ్లు, సైనికుడికి నాలుగు.

వీళ్లందరినీ ఒక్క చోట చూడాలని ఉందా? 2025 అక్టోబరు 18 గుర్తుందా? స్థానిక సంస్థల్లో బీసీలకు 42 శాతం రిజర్వేషన్ల కోసం రాష్ట్ర బంద్. రాష్ట్రంలో అధికారంలో ఉన్నవాళ్లు వచ్చారు, ఢిల్లీలో ఉన్నవాళ్లు వచ్చారు, మొన్నటిదాకా ఉన్నవాళ్లూ వచ్చారు. అందరూ కలిసి బస్సులాపారు. బంద్ ఎవరి మీదనో ఒక్కరైనా చెప్పగలరా? డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. 42 శాతం లేకుండానే.

సంప్రదాయం పేరు చెప్పుకునే పార్టీ బ్రిటన్‌లోనూ ఉంది. ఆ కన్సర్వేటివ్‌లకూ ఒకప్పుడు ముసలితనం పట్టింది. 2006లో వాళ్ల నాయకుడు కామెరాన్ పార్టీ గుర్తు మార్చి చెట్టు బొమ్మ పెట్టాడు. అక్కడితో ఆగి ఉంటే అదీ మన ఫ్లెక్సీయే అయ్యేది. అభ్యర్థుల జాబితా మీద కూడా చెయ్యేశాడు. ఆడవాళ్లను, నల్లవాళ్లను, ఆసియా వాళ్లను ముందుకు తెచ్చాడు. సొంత పార్టీ పెద్దలు తిట్టిపోశారు. 2005లో 17 మంది ఉన్న మహిళా ఎంపీలు 2010కి 49 మందయ్యారు. ఆ పార్టీ చేసినవన్నీ మంచివని కాదు. కనీసం ఎవడో ఒకడు కుర్చీలోంచి లేచాడు. మనవాళ్లు చెట్టు బొమ్మ దగ్గరే ఆగిపోయారు.

ఫ్లెక్సీ అంటే గుర్తొచ్చింది. ఊరి చౌరస్తాలో ఏ పార్టీదైనా సరే, ఒక ఫ్లెక్సీ ముందు రెండు నిమిషాలు నిలబడండి. పైన ఢిల్లీ వాళ్లు, నిలువెత్తు. వాళ్ల కింద హైదరాబాద్ వాళ్లు, నడుము దాకా. తర్వాత జిల్లా వాళ్లు, మెడ దాకా. అట్టడుగున, మేకు కొట్టే అంచు పక్కన, పోస్టల్ స్టాంపు సైజులో ముప్పై తలకాయలు. నల్ల కళ్లద్దాలు, చెవి దగ్గర సెల్‌ఫోన్. ఫ్లెక్సీ ఖర్చు ఆ ముప్పై మందిదే. గాలికి మొదట చిరిగేదీ ఆ అంచే.

మొన్న చాయ్ బండి దగ్గర ఆ స్టాంపుల్లో ఒకడు మండల నాయకుణ్ణి పట్టుకున్నాడు. బీటెక్ చదివిన పిల్లోడు.

“అన్నా, ఈసారన్న నా ఫోటో జర పైకి రావాలె.”

“పైన జాగ లేదు రా తమ్మీ. పెద్దలుంటరు.”

“మరి లక్ష మందిని తీసుకుంటరంట గదా. దరఖాస్తు యాడ ఇయ్యాలె?”

అన్న చాయ్ ఊదుకున్నాడు. ఆలోచించాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు.

“అది తర్వాత చూద్దాం గని, మంగళవారం ర్యాలీ ఉంది. ఎన్ని బండ్లు తెస్తవో చెప్పు. పెట్రోలు టోకెన్లు ఇప్పుడే రాసిస్త.”