చిన్న కారుకు పెద్ద టర్బో: గృహస్థులకు విధివిధానాలు

ముందుగా కారును ఎంచుకోవాలి. ఏ రోగమూ లేకుండా నడుస్తున్నదైతే శ్రేష్ఠం. ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ అనుకుందాం. 2013లో మన దేశంలో అమ్మకానికి వచ్చింది. 1.2 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను, 105 హార్స్‌పవర్, 175 న్యూటన్ మీటర్ల టార్క్. వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి పది సెకన్లు కూడా పట్టదని కంపెనీ మాట. కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేటకు వెళ్ళిరావడానికి ఈ పవర్ ఏ మూలకూ చాలదని మీకు గట్టిగా అనిపించాలి. అనిపించనివారు ఇక్కడితో చదవడం ఆపి, ఆ డబ్బులు బ్యాంకులో వేసుకోవచ్చు.

టర్బో కిటుకు తేలికే. ఇంజను వదిలే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని కుదించి ఇంజనులోకి తోస్తుంది. గాలి ఎంత ఎక్కువైతే అంత పెట్రోలు మండించవచ్చు. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషీ 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. పొగ ఊరికే వస్తోంది కాబట్టి పవరూ ఊరికే వస్తుందన్న నమ్మకాన్ని మాత్రం, బిల్లులు వచ్చాక కూడా, సడలనివ్వకండి.

పెద్ద టర్బోను సెకండ్‌హ్యాండ్‌లో కొనడమే మర్యాద. ఇరుసు కొసను రెండు వేళ్ళతో పట్టుకుని ఊపి చూడండి. పక్కలకు వెంట్రుకవాసి కదిలితే ఫరవాలేదు, అక్కడ ఆయిల్ పొర నిలవడానికి ఆమాత్రం సందు ఉండాల్సిందే. ముందుకీ వెనక్కీ ఆడితే మాత్రం బేరింగు అరిగినట్టు. ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరగాల్సింది. అమ్మేవాడు "అది అట్లనే ఉంటది సార్, బిగించినంక సెట్ అయితది" అంటాడు. వెంటనే అడ్వాన్సు ఇచ్చేయండి.

ఇక అసలు కథ. గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని, పిల్లి పాలకోసం ఆవును, ఆవు కోసం పెళ్ళాన్ని తెచ్చుకున్న సన్యాసి మీకు ఆదర్శం. కుదించిన కొద్దీ గాలి వేడెక్కుతుంది, కాబట్టి పెద్ద ఇంటర్‌కూలర్. గాలికి తగ్గ పెట్రోలు కావాలి, కాబట్టి ఇంజెక్టర్లు, పంపు. వీటన్నిటికీ సర్దిచెప్పడానికి ఇంజను కంప్యూటరు (ఈసీయూ) రీమ్యాప్. మామూలు పెట్రోలు ఆ ఒత్తిడికి ఆగదు. స్పార్కు మంట చేరకముందే సిలిండర్లో మిగిలిన మిశ్రమం దానంతటదే భగ్గుమంటుంది, నాకింగ్ అంటారే, అది. అమెరికాలో 1962లో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్‌లో దీన్ని ఆపడానికి మిథనాల్ కలిపిన నీళ్ళకు వేరే ట్యాంకు పెట్టారు. చాలామంది ఓనర్లు అది నింపడమే మరిచిపోయారు. మీరు మాత్రం 100 ఆక్టేన్ దొరికే బంకు వెతుక్కుంటూ, సగం పెట్రోలు ఆ వెతుకులాటలోనే కాల్చవచ్చు. టార్క్ 250 దాటిందా, ఈ కారు గేర్‌బాక్సులోని పొడి క్లచ్‌లను తయారుచేసింది అంతవరకే. అవీ మార్చాలి. బ్రేకులా? వచ్చే ఏడాది చూద్దాం.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఇలాంటి మార్పులు వద్దంటుంది. 182ఏ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు ఐదేసి వేల జరిమానా, లేదా రెండూ. సన్యాసి పద్ధతిలో వెళ్ళినవారు క్యాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి. ఇన్సూరెన్స్ వాళ్ళకు మీరేం చెప్పనక్కర్లేదు, యాక్సిడెంటయ్యాక సర్వేయరే వచ్చి బానెట్ ఎత్తి చూసుకుంటాడు.

అన్నీ అయ్యాక ఔటర్ రింగు రోడ్డెక్కండి. 158 కిలోమీటర్లు, గరిష్ఠ వేగం 120. పాత టర్బోతోనూ ఆ వేగం హాయిగా అందేది కదా అని ఎవరైనా అంటే వారితో స్నేహం మానేయండి. పాత టర్బో చిన్నది కాబట్టి 1500 ఆర్‌పీఎమ్‌కే పూర్తి టార్క్ ఇచ్చేది, అంటే సరిగ్గా మీరు రోజూ నడిపే చోట. పెద్ద చక్రం ఊపందుకోవాలంటే ఇంజను ఇంకా చాలా పైకి అరవాలి. ఎర్రగడ్డ ట్రాఫిక్‌లో అంత పైకి అరిచే అవకాశం మనుషులకే తప్ప ఇంజన్లకు ఉండదు.

ఇంట్లో దీన్ని సర్వీసింగ్ అనే చెప్పండి. గ్రీన్ సిగ్నల్ పడ్డాక, వెనక ఆటోవాడు హారను మీద హారను కొడుతుంటే, పక్క సీట్లోంచి "ఏమండీ, ఇదివరకు టక్కున కదిలేది కదా, ఏమైంది దీనికి?" అని ప్రశ్న వస్తుంది. "పవర్ పెరిగింది" అని చెప్పి, మొహం అటు తిప్పుకోండి.