తొమ్మిది అడుగుల ఎత్తున

వంశముతో ఆరంభించుట ఆత్మకథలకు సంప్రదాయము. న్యూయార్కు నగరమందలి క్వీన్సులో నివసించిన మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అను నర్సు, వేళగాని వేళ తలుపు తట్టినవారెవరో తలుపు తీయకయే చూడగోరి, భర్త ఆల్బర్టుతో గూడి 1966లో దరఖాస్తు పెట్టి 1969లో పేటెంటు పొందిన యంత్రమే ఇండ్లను కాచు మా కెమేరాల కులమునకు ఆదిజనని. వచ్చినవాని ముఖము చూపుటయే నాటినుండి మా ధర్మము.

ఆ ధర్మము నాకు మొదటి యేడు దక్కలేదు. రాజమహేంద్రవరమున నన్ను కొని తెచ్చిన గృహస్థు పెరడంతయు కనబడవలెనని కోరగా, బిగించవచ్చిన కుర్రవాడు డాబా పిట్టగోడకు, 14 అడుగుల ఎత్తున, తూర్పుమొగముగా నన్ను తగిలించి పోయెను. నా కటకము 2.8 మిల్లీమీటర్లది, ఇంచుమించు నూరు డిగ్రీల మేర చూడగలది. కాన కొబ్బరిచెట్లు, నూతిపళ్లెము, తులసికోట, ఈశాన్యపు గేటు, పొరుగువారి దండెము మీది చీరలు సైతము నాకు గోచరించెడివి. ఉదయమున ఎండ సూటిగా కంటబడి, గేటు వద్ద నిలిచిన పాలవాడు నల్లని నీడవలె తోచెడివాడు. కార్తికమాసమున నొకరాత్రి నూతి మోటారు పోయినది. మరునాడు ఇంటిల్లిపాదియు టీవీ ముందు గుమికూడగా నేను చూపగలిగినది తలగుడ్డ చుట్టిన నడినెత్తియు, రెండు భుజములును మాత్రమే. ఆనాటి నా దుఃఖము చెప్పనలవి గాదు.

అప్పుడు ఎలక్ట్రీషియనును పిలిపించి ఆ యింటి మామ్మగారు, “బాబూ, చెట్లెవరెత్తుకుపోతారయ్యా? గేటు తీసుకుని వచ్చేవాడి మొగం కనబడాలి” అనిరి. “అలాగేనండి మామ్మగారూ” అని యాతడు నిచ్చెన వేసి, నన్ను దించి, గేటునకు పది పన్నెండు అడుగుల దూరమున, వరండా స్తంభమునకు 9 అడుగుల ఎత్తున, ఉత్తరాభిముఖముగా నిలిపెను. అచ్చట నేను చేతికందను. వచ్చినవాని ముఖము నాకు దాగదు. దండెమున్న వైపు చూపును మూయించినదియు మామ్మగారే. 2017లో సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యతను ప్రాథమికహక్కుగా ప్రకటించుట యొక యెత్తు. పొరుగింటి ఆడవారు ఆరవేసికొన్న బట్టలు మన ఫోనులో కనబడరాదను ఆ వృద్ధురాలి పట్టుదల యొక యెత్తు.

నాకు దొంగకంటె సాలీడు ఎక్కువ భయము. చీకటి పడగానే నా దీపములు 850 నానోమీటర్ల పరారుణకాంతిని చిమ్మును. మీకది మందమైన యెర్రచుక్కగా మాత్రమే తోచును. నా చెంతకు పురుగులు, పురుగులకై సాలీడు వచ్చి, కంటికి రెండంగుళముల దూరమున నల్లిన పోగొక్కటి గాలికి కదలెనా, తెర అడ్డముగా తెల్లని మోకు ఊగినట్లయి గేటు మరుగుపడును, ఫోను మ్రోగును. ఇంటివారు లేచి, చూచి, మరల పరుందురు. మూడు రాత్రులు గడచిన పిమ్మట ఆ మ్రోతను నమ్ముట మానుదురు. సున్నము కొట్టిన గోడ చేరువనున్నను ఇదే అవస్థ: కాంతి యంతయు ఆ తెలుపుపై బడి తిరిగివచ్చి, దూరపు మనిషి చీకటిలో కలిసిపోవును. అందుకే మామ్మగారు శనివారము శనివారము బూజు దులిపి, పాత పంచెగుడ్డతో నా అద్దమును తుడుతురు. అప్పుడు వారి బొటనవ్రేలి పసుపు తెర నిండ కనిపించును.

గృహస్థులారా, గోడకు రంధ్రము వేయుటకు ముందు ఒక్కరాత్రి నన్ను చేతబట్టి ఆ చోట నిలువుడు. మీ పిల్లవానిని గేటునుండి నడచి రమ్మనుడు. వాని ముఖము మీరు పోల్చగలిగిన చోటనే నన్ను బిగింపుడు.